బుధవారం కొట్టు

“చేతులు చాపుకుని కూర్చోడానికి నేనేం కుర్చీని కాదు,” అన్నాడు పెదనాన్న.

“కుర్చీ అయితే ఇంత మాట్లాడదు,” అంది పెద్దమ్మ. ఆయన రెండు చేతులకీ తగిలించిన ఊలు చుట్టలోంచి పోగు లాక్కుంటూ ఉండ చుడుతూనే ఉంది.

“ఫోను మోగుతోంది.”

“మోగనివ్వండి.”

“మీ మరిదే అయి ఉంటాడు. నిన్నట్నుంచీ చేస్తున్నాడు. ఎత్తి, ఎల్లుండి భోజనానికి రమ్మని ఒక్క మాటంటే నీ సొమ్మేం పోయింది?”

“రమ్మని వారం కిందటే చెప్పాను. చెప్పిందే చెప్పడానికి నేనేమన్నా బస్టాండులో మైకునా? ఎడం చెయ్యి పైకెత్తండి, పోగు చిక్కుపడుతోంది.”

సోఫాలో కాళ్ళు చాపుకుని కూర్చున్న నానమ్మకి ఈ తగవు టీవీ కన్నా బాగున్నట్టుంది. టీవీ గొంతు తగ్గించింది. “మీ నాన్నని ఇంట్లో కట్టెయ్యడం నా వల్లే కాలేదురా,” అంది కొడుకుతో. “నిన్ను చూడు, ఊలు పోగుతో కట్టేసింది.”

“నువ్వయినా ఆ ఫోనెత్తమ్మా.”

“ఎత్తి ఏం చెప్పను? మీ వదిన నోటికి తాళం వేసుకుని కూర్చుందని చెప్పనా?”

ఫోను మోగి మోగి ఆగిపోయింది. ముగ్గురూ ఒకేసారి దానికేసి చూసి, చూడనట్టు తలలు తిప్పుకున్నారు.

ఆ ఇంట్లో పిలుపులన్నీ పిచ్చుక వచ్చాకే మారాయి. అంతకుముందు ఆయన ఆవిణ్ణి ‘ఏమోయ్’ అనేవాడు. ఇప్పుడు కోపమొస్తే తప్ప ఆయన కూడా పెద్దమ్మ అనే అంటాడు. పిచ్చుక పెద్దమ్మ చెల్లెలి కూతురు. మాటలు వచ్చిన దగ్గర్నుంచీ నోరు మూసేది కాదని తల్లి ముద్దుగా పెట్టుకున్న పేరది. ఆ తల్లి జబ్బు చేసి పోయేనాటికి పిల్లకి తొమ్మిదేళ్ళు. తండ్రిదేమో ఏడాదికో ఊరు తిప్పే ఉద్యోగం. పెద్దమ్మ ఎవర్నీ అడగలేదు, ఎవరి చేతా అడిగించుకోలేదు. పిల్ల బట్టలు రెండు సంచుల్లో సర్దుకుని తనతో తెచ్చేసుకుంది. ఆవిడకి పిల్లలు లేరు. ఆ సంగతి గురించి ఇంట్లో మాట్లాడుకోవడం మానేసి చాలా కాలమైంది.

వచ్చిన కొత్తలో పిచ్చుక నోరు విప్పేది కాదు. ఏమడిగినా తల ఊపేది, అంతే. డాక్టరు పిల్లకి టైమివ్వండి అన్నాడు. టైమిచ్చి చూశారు, ప్రేమిచ్చి చూశారు, నానమ్మ రెండు చీవాట్లు కూడా ఇచ్చి చూసింది. పెద్దమ్మది ఇళ్ళకి కర్టెన్లు కుట్టే పని. బట్టల కొట్ల వీధికి వెళ్ళిన ప్రతిసారీ పిల్లని వెంట తీసుకెళ్ళేది. ఆ వీధి చివర ఊలు కొట్టు ఒకటుంది. శనివారాలు కొట్టు వెనక గదిలో అల్లిక నేర్పుతారు. కొట్టావిడ ఎప్పుడు చూసినా ఏదో ఒక ఊలు ఉండ చుడుతూ కనిపిస్తుందని ఆవిణ్ణి అందరూ ఉండలమ్మ అంటారు. ఆ ఉండలమ్మ ఒకరోజు పిచ్చుక చేతిలో రెండు సూదులు పెట్టి కూర్చోబెట్టింది. ఆ సాయంత్రం ఇంటికొస్తుంటే దార్లో పిల్ల, “పెద్దమ్మా, ఒక కుట్టు జారిపోయింది,” అంది. ఎవరూ అడక్కుండా, అన్నాళ్ళ తర్వాత, తనంతట తను అన్న మొదటి మాట. జారిపోతే పోనీలే తల్లీ అని పెద్దమ్మ నడిరోడ్డు మీదే నిలబడి ఏడ్చేసింది.

అందుకని అల్లికంటే ఆవిడకి వట్టి అల్లిక కాదు. పిల్ల తన దగ్గరికి వచ్చిన దారి అది.

ఈ ఏడాది మొదట్లో మరిది, అంటే పిచ్చుక తండ్రి, మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. బదిలీల ఉద్యోగం వదిలేసి ఈ ఊళ్ళోనే, వంతెన అవతల ఇల్లు తీసుకున్నాడు. భార్య మందుల షాపులో పని చేస్తుంది. ప్రతి బుధవారం బడి వదలగానే పిచ్చుకని తీసుకెళ్ళి, భోజనం పెట్టి, తిరిగి దింపి వెళతాడు. పోయిన వారం అలా దింపడానికి వచ్చి గుమ్మంలోనే నిలబడి అడిగాడు.

“వదినా, పిచ్చుకని మా దగ్గరే ఉంచుకుందామని మా ఇద్దరికీ ఉంది. మీరు సరేనంటేనే. వద్దంటే మళ్ళీ ఈ మాట ఎత్తను. మీరు చేసింది మర్చిపోయేంత విశ్వాసం లేనివాణ్ణి కాదు.”

గొంతు పెంచి అడిగి ఉంటే పెద్దమ్మ అంతకన్నా గొంతు పెంచి వద్దనేది. మెత్తగా అడిగేసరికి ఏం చెయ్యాలో తోచక ఆదివారం భోజనానికి రండి, చెప్తాను అంది. ఆ తర్వాత పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని అడిగింది. పిచ్చుక సూదుల మీంచి చూపు ఎత్తకుండా, “నీ ఇష్టం పెద్దమ్మా,” అంది. నీ ఇష్టం అంటే ఇక్కడుండటం ఇష్టమనేగా అని పెద్దమ్మ తన మనసుకి తనే సర్ది చెప్పుకుంది. వద్దని ఎలా చెప్పాలా అని మాటలు కూర్చుకుంటూ వారమంతా గడిపింది.

“ఇది చాలదు,” అన్నాడు పెదనాన్న, తన చేతుల మీద పలచబడుతున్న చుట్టని చూస్తూ. నెమలికంఠం రంగు ఊలు. పిచ్చుక మొదటిసారి పెద్ద పని పట్టుకుని స్వెట్టర్ అల్లుకుంటోంది. ఇదే ఆఖరి చుట్ట.

“చాలుతుంది.”

“ఇంకా చేతులు అల్లాలంది పిల్ల.”

“చాలుతుందన్నానుగా. ఇన్ని కిటికీలకి కొలతలు తీసిన దాన్ని, ఒక్క పిల్లకి తియ్యలేనా?”

“కిటికీలు పెరగవు కదే,” అంది నానమ్మ సోఫాలోంచి. “నువ్వు పోయినేటి స్వెట్టర్ పెట్టి కొలిచావు. పిల్ల ఈ ఏడు గుమ్మం అందుకుంటోంది.”

గది గుమ్మం దగ్గర పిచ్చుక నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో ఎవరూ చూడలేదు. పెద్దమ్మ చుట్టిన ఉండ అందుకుని లోపలికి వెళ్ళిపోయింది. వెళ్ళేటప్పుడు చేత్తో ఉండ బరువు ఎంతుందో చూసుకుంటున్నట్టు పైకీ కిందకీ ఆడించింది. అది చూసి పెద్దమ్మకి అర్థమైంది, నిజంగానే చాలదని. కానీ అత్తగారి ముందు ఒప్పుకోవడం ఎలా?

మర్నాడు శనివారం ఇద్దరూ బజారుకి బయల్దేరారు. ముందు బట్టల కొట్టు. పెద్దమ్మకి ఎవరివో పడగ్గది కిటికీలకి ఎండ ఆపే మందపాటి గుడ్డ కావాలి. కొట్లో పాతాయన లేడు, ఎవరో కొత్త సేల్స్‌మన్ ఉన్నాడు. గుడ్డని దీపానికి అడ్డం పట్టి చూపిస్తూ, “మీ అమ్మాయా అండీ?” అన్నాడు. పిచ్చుక అవతల గుండీల సొరుగులు ఒక్కొక్కటీ లాగి చూసుకుంటోంది.

“మా చెల్లెలి కూతురండీ. తల్లి లేదు పాపం,” అంది పెద్దమ్మ.

అలా చెప్పడం ఆవిడకి అలవాటు. ఆ మాటతో ఎదుటివాళ్ళ మొహం మెత్తబడుతుంది. గొంతు తగ్గుతుంది. సేల్స్‌మన్ అయ్యో అని, బల్ల కింద నుంచి పూల గుడ్డ ముక్కలు నాలుగు తీసి, “పాపకివ్వండి, బొమ్మలకి బాగుంటాయి,” అన్నాడు. పదమూడేళ్ళ పిల్ల బొమ్మలతో ఆడదని చెప్పడం ఎందుకులే అని పెద్దమ్మ సంచిలో వేసుకుంది.

ఉండలమ్మ కొట్లో పొడుగాటి బల్ల చుట్టూ ఎప్పుడూ ఉండే ఆడవాళ్ళే ఉన్నారు. కిటికీ పక్క కుర్చీ పిచ్చుకది. ఎంతమంది వచ్చినా దాన్ని ఖాళీగా ఉంచుతారు. పిచ్చుక అక్కడ కూర్చుని సంచి విప్పింది. ఎదురుగా కూర్చున్న టీచరమ్మ, అందర్నీ తిడుతూ అల్లిక నేర్పే మనిషి, పిచ్చుక దగ్గరకొచ్చేసరికి గొంతు తగ్గించి, “తిన్నావా అమ్మా?” అంది. పిచ్చుక తల ఊపింది.

పెద్దమ్మ ఉండలమ్మని పక్కకి పిలిచి రహస్యంగా ఊలు పోగు చూపించింది. “ఇంకో చుట్ట కావాలి. పిల్లకి తెలియకూడదు. సరిపోతుందని గొప్పగా చెప్పాను.”

“రంగు ఉంది గానీ ఆ లాటు లేదమ్మా,” అంది ఉండలమ్మ. ఒకేసారి రంగులో ముంచి తీసిన ఊలంతా ఒక లాటు. ఇంకోసారి ముంచితే పేరు అదే, అంకె అదే, రంగు మాత్రం వెంట్రుకవాసి తేడా వస్తుంది. కొట్లో దీపం కింద తెలియదు. ఒంటి మీద వేసుకుని ఎండలోకొస్తే భుజం దగ్గర అడ్డంగా గీత గీసినట్టు కొట్టొచ్చినట్టు కనబడుతుంది. “వంతెన పక్కన కొత్త కొట్టొకటి పెట్టారు. వాళ్ళదీ మా సరుకే. అక్కడ ఆ లాటు మిగిలుందేమో చూడు.”

పెద్దమ్మ పిచ్చుక దగ్గరికెళ్ళి, “కర్టెన్ రింగులు చూసుకుని వస్తా,” అని అబద్ధం చెప్పి బయటపడింది.

కొత్త కొట్టు చిన్నదే గానీ కళకళలాడుతోంది. గోడ నిండా రంగు రంగుల ఊలు, మూలన గుండ్రటి బల్ల, దాని చుట్టూ స్టూళ్ళు. కౌంటరు వెనక జడ ముందుకేసుకున్న అమ్మాయి ఏదో తింటూ ఉంది. చెయ్యి తుడుచుకుని పెద్దమ్మ ఇచ్చిన పోగు అందుకుంది.

“ఓ, ఇదా! ఇది మా బుధవారం పాప ఊలు,” అంది నవ్వుతూ. “ఈ లాటు కోసం ఆ పిల్ల కూడా నా ప్రాణం తీసింది. లేదండీ. దానికి వేరే లాటువి రెండు ఉండలిచ్చి, పాతదీ కొత్తదీ కలిపి అల్లే పద్ధతి చెప్పాను. రెండు వరసలు దీంతో, రెండు వరసలు దాంతో. అలా అల్లితే గీత కనపడదు. కాకపోతే పాతది పూర్తిగా అయిపోకముందే మొదలుపెట్టాలి.”

“ఏ పాప?” అంది పెద్దమ్మ.

“సన్నగా, పొడుగ్గా ఉంటుంది. బుధవారం సాయంత్రం మా క్లాసుకి వాళ్ళమ్మతో వస్తుంది. అబ్బ, అదేం వాగుడండీ బాబూ! చెవులు చిల్లులు పడతాయి. వాళ్ళమ్మకి అల్లిక సున్నా. ఈ పిల్లే నేర్పుతుంది. తల్లి తప్పు చేస్తే చేతి మీద ఒక్కటిస్తుంది. మేం నవ్వలేక చస్తాం.”

“వాళ్ళమ్మ అని ఎవరన్నారు?”

ఆ అమ్మాయి వింతగా చూసింది. “ఎవరనడమేంటండీ, పిల్ల పిలుస్తుందిగా. ఉండండి, మొన్నటి క్లాసు వీడియో తీశాను.” ఫోను కౌంటరు మీద పెట్టి నొక్కింది.

గుండ్రటి బల్ల. స్టూలు మీద ఒక కాలు మడుచుకుని పిచ్చుక. పక్కన మరిది భార్య, షాపు కోటు ఇంకా విప్పలేదు, ఒళ్ళో ఊలంతా చిక్కుపడి పిట్టగూడులా ఉంది. “అటు కాదమ్మా! అయ్యో, ఎన్నిసార్లు చెప్పాలమ్మా నీకు! ఇటివ్వు, నీ వల్ల కాదు,” అంటోంది పిచ్చుక. ఆవిడ ఏదో అంది, వినపడలేదు. పిచ్చుక తల వెనక్కి వాల్చి నవ్వింది. పళ్ళన్నీ కనబడేలా, ఒళ్ళంతా ఊగేలా, పక్కవాళ్ళు తిరిగి చూసేలా నవ్వింది.

ఆ నవ్వు పెద్దమ్మకి తెలుసు. చెల్లెలి ఇంటికి వెళ్ళినప్పుడు వీధి మలుపులోనే వినపడేది. అది చెల్లెలితోనే పోయిందనుకుంది. ఇన్నాళ్ళూ దాన్ని పోయినవాటిలోనే లెక్క వేసుకుంది.

“మీకు తెలిసిన పాపా?” అంది కొట్టమ్మాయి.

“తెలిసినవాళ్ళ పిల్ల,” అంది పెద్దమ్మ.

మెట్లు దిగి, వంతెన మొదట్లో ఒక షాపు షట్టర్ ముందు కాసేపు నిలబడింది. మొదట ఒళ్ళు మండింది. చూశావా, నోట్లో వేలు పెడితే కొరకలేనట్టు కూర్చుని, ఎంత నాటకమాడింది! నాలుగేళ్ళు గుండెల మీద పెట్టుకుని పెంచితే నన్ను ఒక్కనాడు అమ్మా అనలేదు, ఏడాది తిరక్కుండా ఆవిణ్ణి అమ్మా అంటుందా? రేపు మొహం మీదే చెప్తాను, పంపను అని. పంపనంటే మరిది నోరెత్తడు. మాటిచ్చాడు కూడా.

కోపంతో నాలుగడుగులు వేసింది. ఐదో అడుగుకి ఆ నవ్వు మళ్ళీ వినపడింది. కోపం ఎక్కడిదక్కడ జావకారిపోయింది.

పెద్దమ్మ తిరిగొచ్చేసరికి పిచ్చుక కిటికీ వెలుగులో అల్లుకుంటోంది. వంగి చూస్తే కనిపించింది. చంక కింద నుంచి పైకి రెండు వరసలు ఒక రంగు, రెండు వరసలు ఇంకో రంగు. తెలిసి చూస్తే తప్ప తెలియని తేడా. అంచు వెంట రెండు పోగులూ ఒకదాన్నొకటి దాటుకుంటూ నీటుగా ఎక్కుతున్నాయి. ఎక్కడా ముడి లేదు, లాగుడు లేదు.

“పోదామా?” అంది.

బేకరీ దాటాక పెద్దమ్మే కదిపింది.

“వంతెన పక్క కొట్టుకి వెళ్ళాను.”

పిచ్చుక నడక ఆగలేదు. చేతిలో సంచి మాత్రం ఒక చేతి నుంచి ఇంకో చేతికి మారింది. “ఊలు కోసమా?”

“ఊఁ. నా కొలత తప్పింది.”

“నాకు ముందే తెలుసు. నువ్వు బాధపడతావని చెప్పలేదు.”

“ఆవిణ్ణి అక్కడ మీ అమ్మ అనుకుంటున్నారు.”

“నేనే చెప్పాను. మొదటిరోజు కొట్లో అక్క అడిగింది, మీ అమ్మా అని. అవునన్నాను. కాదంటే అంతా చెప్పాలిగా పెద్దమ్మా. అమ్మ పోయిందని చెప్పాలి, నీ దగ్గర ఉంటున్నానని చెప్పాలి, ఈవిడెవరో చెప్పాలి. అవునంటే ఒక్క ముక్కతో అయిపోతుంది. ఆవిడ కూడా బిత్తరపోయింది పాపం. బయటికొచ్చాక, నీకు ఇబ్బందిగా ఉంటే వెనక్కెళ్ళి చెప్పేస్తాను అంది. వద్దన్నాను. తర్వాత అలవాటైపోయింది. ఇంట్లో కూడా అలాగే వచ్చేస్తోంది.”

“మరి నా గురించి ఎవరైనా అడిగితే ఏం చెప్తావే?” నవ్వులాటకి అన్నట్టు అడుగుదామనుకుంది పెద్దమ్మ. నవ్వులాటలా రాలేదు.

“నీ గురించి నన్నెవరూ అడగరు. నువ్వే ముందు చెప్పేస్తావు.” పిల్ల గొంతులో కోపం లేదు. బడిలో ఏం జరిగిందో చెబుతున్నట్టు చెప్పింది. “బట్టల కొట్లో, బస్సులో, డాక్టరు దగ్గర. మా చెల్లెలి కూతురు, తల్లి లేదు పాపం అని. ఇందాకా చెప్పావు. గుండీలు చూస్తున్నా గానీ నాకు వినపడింది.”

“నిన్ను బాగా చూసుకుంటారని చెప్తానే,” అంది పెద్దమ్మ.

“బాగానే చూస్తారు. గుడ్డ ముక్కలిస్తారు. కిటికీ దగ్గర కూర్చోబెడతారు. టీచరమ్మ అందర్నీ తిడుతుంది, నన్ను మాత్రం తిట్టదు. నేనొకసారి గట్టిగా నవ్వితే అందరూ ఆపేసి నన్నే చూశారు. పోనీలే, నవ్వింది అన్నట్టు.” సంచి మళ్ళీ చెయ్యి మారింది. “అక్కడ నేను మామూలుగా ఉంటా పెద్దమ్మా. ఏడవకు.”

“నేనెక్కడ ఏడుస్తున్నాను?”

“ఇప్పుడు.”

పెద్దమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. ఎదురొస్తున్న ఒకాయన పక్కకి తప్పుకుని వెళ్ళాడు.

“వాళ్ళ దగ్గరికి వెళ్ళిపోవాలని ఉందా?”

“నీ ఇష్టమన్నాగా.”

“నా ఇష్టమేంటో నాకు తెలుసు. నీదేంటో చెప్పు.”

ఇల్లు కనబడుతుండగా పిచ్చుక తల ఊపింది. నాలుగేళ్ళ కిందట, ఏమడిగినా మాట్లాడనప్పుడు ఊపినట్టే, చిన్నగా ఒక్కసారి.

ఆ సాయంత్రం పెద్దమ్మ మిషను ముందు కూర్చుని కొత్త గుడ్డకి అంచు మడిచి కుట్టింది. ఆ పొడుగు నుంచి ఈ పొడుగు దాకా ఆగకుండా కుట్టి, లేపి చూస్తే మడత గుడ్డ మంచివైపుకి ఉంది. పెళ్ళికాక ముందు నుంచీ కర్టెన్లు కుడుతోంది. ఏ నాడూ తిరగేసి కుట్టలేదు. బ్లేడు తీసుకుని ఒక్కొక్క కుట్టే తెంపడం మొదలుపెట్టింది.

పెదనాన్న అది చూశాడు. వచ్చి ఎదురుగా నేల మీద కూర్చుని రెండో కొస పట్టుకున్నాడు. గుడ్డ బిగువుగా ఉంటే కుట్లు విప్పడం తేలిక.

“అడిగితే చెప్తావా?” అన్నాడు కాసేపటికి.

“అడక్కండి.”

“సరే. కుర్చీ అడగదు.”

ఆవిడకి నవ్వు రాబోయి, అది నవ్వు కాకుండా పోయింది. ఆయన చూపు గుడ్డ మీంచి ఎత్తకుండా కొస గట్టిగా పట్టుకునే కూర్చున్నాడు. పక్క గదిలో నానమ్మ టీవీ గొంతు పెంచింది. చెవుడు లేని మనిషి ఎందుకు పెంచిందో ఆవిడకే తెలియాలి.

పెద్దమ్మకి ఒక్కటే అర్థం కాలేదు. తల్లి లేని లోటు తెలియకూడదనే కదా ఇంత చేసింది! జ్వరమొస్తే మంచం దిగలేదు. బడిలో తల్లులు రావలసిన ప్రతిచోటికీ వెళ్ళింది. వెళ్ళిన ప్రతిచోటా ముందుగా ఆ లోటు గురించే చెప్పింది. నిజమే చెప్పింది, ప్రేమతోనే చెప్పింది. అమ్మా అని ఒక్కసారి పిలిస్తే బాగుండునని ఎదురుచూస్తూనే, పిలవడానికి పిల్లకి చోటు లేకుండా చేసింది. ఇకనైనా ఆ మాట అనడం మానేద్దామనుకుంది. తను మానేసినా వీధి వీధంతా మానేస్తుందా? ఉండలమ్మకి తెలుసు, టీచరమ్మకి తెలుసు, బస్సు కండక్టరుకి కూడా తెలుసు. చెప్పిన మాటకి విప్పుకునే కుట్టుండదు.

ఆదివారం మరిదీ భార్యా వేళకే వచ్చారు. ఆవిడ పళ్ళు తెచ్చింది. ఎక్కడ పెట్టాలో తెలియక చేత్తోనే పట్టుకుని నిలబడింది. ఇలా ఇవ్వండి అని పెద్దమ్మ అందుకుంది. ఆవిడ చూపుడువేలు కొస ఎర్రగా కందిపోయి ఉంది. కొత్తగా సూదులు పట్టినవాళ్ళ వేలు అలాగే ఉంటుంది. పెద్దమ్మ చూడనట్టు ఊరుకుంది.

“వదినగారూ, మీతో ఒక మాట చెప్పాలి,” అంది ఆవిడ వంటింటి గుమ్మంలో, మెల్లగా. “బుధవారాలు మేం ఒక కొట్టుకి వెళుతున్నాం. అక్కడ పిచ్చుక నన్ను...”

“నాకు తెలుసు. ఆ గరిటె ఇలా ఇవ్వండి.”

ఆవిడ గరిటె ఇచ్చింది.

అందరూ బల్ల చుట్టూ కూర్చున్నారు. మరిది ముద్ద కలుపుతూనే ఉన్నాడు, నోట్లో పెట్టడం లేదు. నానమ్మ ఆయన్ని చూసి, “ఏం నాయనా, కలపడానికి వచ్చావా, తినడానికి వచ్చావా?” అంది. ఎవరూ నవ్వలేదు. పిచ్చుక తండ్రి పక్కన కూర్చోలేదు, పెద్దమ్మ పక్కనా కూర్చోలేదు. పెదనాన్న పక్కన కూర్చుని కంచంలోకి చూస్తోంది.

పెద్దమ్మ వడ్డన ముగించింది. గిన్నె దించి, తన కుర్చీ లాక్కుని కూర్చుంది.

“పిచ్చుక మీ దగ్గరికి వచ్చేస్తుంది,” అంది. మంచినీళ్ళు కావాలా అని అడిగినంత మామూలుగా అంది.

మరిది చెయ్యి కంచంలో ఆగిపోయింది. “వదినా...”

“ఈ నెలాఖరుకి. బడి మార్చకండి, బస్సు దొరుకుతుంది. జలుబు చేస్తే గొంతు పట్టేస్తుంది, రెండో రోజు దాకా చూడకుండా డాక్టరుకి చూపించండి.” మరిది భార్యకేసి తిరిగింది. “మీకు తెలియందేముంది, మందుల షాపులో ఉంటారు. శనివారాలు రావాలనిపిస్తే వస్తుంది. రాకపోయినా నేనేమీ అనుకోను.”

పెదనాన్న గ్లాసు ఎత్తి ఖాళీగా ఉండటం చూసి మళ్ళీ దించాడు. నానమ్మ నోరు తెరిచి కోడలి మొహం చూసి, నోరు మూసుకుంది. ఆవిడ అలా మూసుకోవడం ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు. పిచ్చుక తల ఎత్తింది. “పెద్దమ్మా,” అంది, చాలా చిన్నగా.

“ఇంక దీని గురించి నన్నెవరూ ఏమీ అడక్కండి,” అంది పెద్దమ్మ, తన కంచం దగ్గరికి లాక్కుంటూ. “చల్లారిపోతోంది, తినండి.”